స్లాబు పోయకముందే ఒక్క మాట

చలి ముదిరింది. మాఘమాసం దగ్గరపడుతోంది. గోదావరిఖనిలో, యైటింక్లయిన్ కాలనీలో, రామగుండంలో, ఎన్టీపీసీ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు ముగ్గు పోయడానికి ముహూర్తాలు చూసుకుంటున్నాయి. మాఘంలో పునాది తవ్వితే వానలు పడేలోగా స్లాబు పడాలని అందరి తొందర. ఆ తొందరలో ఉన్నవారికే ఈ విన్నపం. ఒక్క వారం ఆగండి. ఇసుక, కంకర దింపుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఇది చదవండి. గోడ వంకరపోతే కూల్చి కట్టుకోవచ్చు. స్లాబు విషయంలో పొరపాటు చేస్తే యాభై ఏళ్లు దాని కిందే పడుకోవాలి.

ఈ ప్రాంతంలో సొంతిల్లు ఎలా లేస్తుందో మనకు తెలుసు. ముప్ఫై ఏళ్లు, ముప్ఫై ఐదేళ్లు సింగరేణి బొగ్గుబాయిలో పని చేసి దిగిపోయినవారు గ్రాట్యుటీ, పీఎఫ్ అంతా తెచ్చి ఒక్కచోట పోస్తే లేచే ఇల్లు ఇది. రెండోసారి కట్టే శక్తి ఎవరికీ ఉండదు. కంపెనీ క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లూ కరెంటు లెక్క మనం చూసుకోలేదు. హీటర్ మీద వంట, హీటర్‌తో నీళ్లు, ఎండాకాలమంతా ఆగకుండా తిరిగే కూలర్ అలవాటైపోయాయి. క్వార్టర్ ఖాళీ చేసి సొంతింట్లో దిగిన మొదటి మే నెలలోనే ఆ అలవాటు బిల్లు రూపంలో ఇంటికొస్తుంది. 1998 నాటి బొగ్గుగని పింఛను పథకం కింద నెలకు ఎంత చేతికొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ కొద్దిపాటి పింఛనులోంచే ఈ బిల్లు కట్టాలి.

ఒక చిన్న లెక్క చూడండి. థర్మల్ కేంద్రంలో ఒక్క యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు మండాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే పది యూనిట్ల దాకా తాగుతుంది. నెలకు 300 యూనిట్లు. అంటే ఒక్క పడకగది చల్లబడటానికి నెలకు రెండు క్వింటాళ్ల బొగ్గు బూడిదవుతోంది. ఆ పొగ, ఆ బూడిద ఎక్కడికో పోవు. మన మిద్దె మీదే, మన పిల్లల ఊపిరితిత్తుల్లోనే పేరుకుంటాయి.

బొగ్గు తవ్వి బతికినవాళ్లం. బొగ్గును తిట్టడానికి ఈ మాటలు రాయడం లేదు. కానీ కాలం మారుతోంది, మన కళ్లముందే మారుతోంది. 1971 నుంచి కరెంటిచ్చిన 62.5 మెగావాట్ల రామగుండం బీ-థర్మల్ 2024లో మూతపడింది. ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద సుమారు 500 ఎకరాల్లో 100 మెగావాట్ల సౌర పలకలు 2022 నుంచి తేలుతున్నాయి. సింగరేణి కూడా తన భూముల్లో సౌర కేంద్రాలు పెట్టుకుంది. 2070 నాటికి ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని దేశం 2021లో గ్లాస్గోలో మాటిచ్చింది. ఈ మాఘంలో మీరు కట్టే ఇంట్లో మీ మనవలు ఆ 2070ని చూస్తారు. వాళ్లకు ఎలాంటి ఇల్లు అప్పగిస్తున్నామో ఇప్పుడే ఆలోచించాలి.

సున్నా ఉద్గారాల ఇల్లంటే భయపడాల్సిన పెద్ద మాటేం కాదు. ఏడాది మొత్తం మీద తాను వాడే కరెంటంతా తన కప్పు మీదే పుట్టించుకునే ఇల్లు. లోపల ఏ పొగా లేని ఇల్లు. కట్టేటప్పుడు కూడా సిమెంటు, ఉక్కు, కాల్చిన ఇటుక వీలైనంత తగ్గించుకున్న ఇల్లు. హైదరాబాద్‌లో సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత కేంద్రం 2004లోనే ఎండకు, గాలికి తగ్గట్టు భవనం ఎలా కట్టాలో చూపించింది. అక్కడి సూత్రాలు 120 గజాల ఇంటికీ పనికొస్తాయి.

మా భయం వేరే ఉంది. ఇల్లు ఎలా కట్టినా ఫరవాలేదు, చివర్లో పైన నాలుగు సోలార్ పలకలు బిగిస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. ఇల్లు కొలిమిలా ఉంటే పైన పలకలు పెట్టి లాభం లేదు. వాటినుంచి వచ్చిన కరెంటంతా ఆ కొలిమిని చల్లార్చడానికే పోతుంది. వరస తప్పితే డబ్బూ పోతుంది, సుఖమూ దక్కదు. బాయిలో దిగిన ప్రతి మనిషికీ వరస తెలుసు. పని మొదలుపెట్టే ముందు పైకప్పును రాడ్డుతో తట్టి చప్పుడు వింటారు. గట్టిగా మోగితే ముందుకు, డొల్లగా మోగితే వెనక్కి. గాలి ఆడుతోందా, నిప్పు భయముందా చూస్తారు. ఆ తర్వాతే పని. ఇంటికీ అదే వరస పాటించమని ప్రాధేయపడుతున్నాం. ముందు నేల, తర్వాత కప్పు, గోడ, గాలి, నిప్పు. కరెంటు అన్నిటికన్నా చివర.

నేల సంగతి. 1960ల నుంచి ఈ ఊరి కింద బొగ్గు తీస్తున్నారు. కింద ఆధారంగా వదిలిన బొగ్గు పిల్లర్లు కూడా తీసేసిన చోట ఇసుక నింపకపోతే పైన నేల కుంగవచ్చు. తక్కువకు వస్తోందని ఎవరో చూపించిన ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వకండి. ఆ స్థలం కింద పాత పనులున్నాయా లేదా అని గని సర్వే కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. చుట్టుపక్కల ఇళ్లు చూసి రండి. గోడల మీద మెట్లు మెట్లుగా పగుళ్లున్నాయా? తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుంటున్నాయా? గచ్చు మధ్యలో దిగిందా? బోరు నీళ్లు ఒక్కసారిగా మాయమయ్యాయా? ఇవన్నీ నేల చెప్పే మాటలు. ఓపెన్‌కాస్టు దగ్గరగా ఉంటే బ్లాస్టింగ్ వేళకు అక్కడ నిలబడి అదురు ఎంతుందో మీరే చూడండి. అలాంటి చోట ప్లింత్, లింటెల్ మట్టాల్లో కాంక్రీటు బెల్టు లేకుండా గోడ లేపొద్దు. 2022 జూలైలో గోదావరి ఎంత పైకి వచ్చిందో చూసినవారున్నారు. స్థలం కొనే ముందు వారిని అడగండి.

ఇంకో ముప్పు ఉంది. పల్లంగా ఉన్న ప్లాటును ట్రాక్టర్లతో బూడిద తెచ్చి పోసి ఎత్తు చేస్తున్నారు. చవకే. కానీ పొరలు పొరలుగా తడిపి, దిమ్మిస కొట్టకుండా గుమ్మరించిన బూడిద రెండు వానలకే కూర్చుంటుంది. దాంతోపాటు బండలూ, గోడలూ దిగుతాయి. బూడిదలోని భార లోహాలు నీటితోపాటు బావిలోకి, బోరులోకి దిగే ప్రమాదమూ ఉంది. తాగునీటి బోరు పక్కన బూడిద నింపకండి. పునాదిని గట్టినేల దాకా తీసుకెళ్లండి.

బూడిదను నింపుడుకు దూరం పెట్టమన్నాం గానీ ఇటుకగా మారితే అదే బూడిద మనకు మేలు చేస్తుంది. పెద్దపల్లి చుట్టూ ఉన్న బట్టీల్లో ఎర్రిటుక కాల్చడానికి పొలాల పైమట్టి పోతోంది, బొగ్గు మండుతోంది, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఆ వేడిలో పని చేస్తున్నాయి. బూడిద ఇటుకకు కాల్చే పని లేదు. ముడిసరుకు మన పక్కనే ఉంది. అయితే ఇక్కడా మోసపోవద్దు. గిరాకీ పెరిగినప్పుడు రెండు మూడు వారాలు నీళ్లు తాగాల్సిన ఇటుకను పచ్చిగానే లారీకెత్తుతున్నారు. అలాంటి ఇటుకతో కట్టిన గోడ ఆరుతున్నకొద్దీ బీటలు వారుతుంది. అప్పుడు బూడిద ఇటుకే పనికిరాదని పేరు పడుతుంది. పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి కొట్టండి, ఖంగుమని మోగాలి. మూడు నాలుగడుగుల ఎత్తునుంచి వదలండి, ముక్కలు కాకూడదు. ఎండిన ఇటుకను తూచి, ఒక పగలూ రాత్రీ నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. మూడు కిలోల ఇటుక 3.6 కిలోలు దాటితే లోడు వెనక్కి పంపండి. సిమెంటు కూడా బూడిద కలిసిన పీపీసీ అడగండి. అందులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద ఉంటుంది, ఆ మేరకు బట్టీలో కాల్చిన క్లింకర్ తగ్గుతుంది. కాకపోతే అది నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి నీళ్లు పెట్టడంలో బద్ధకిస్తే కుదరదు. స్లాబుకు కనీసం పది పద్నాలుగు రోజులు మడులు కట్టి నీళ్లు నిలపండి.

ఇక కప్పు. అన్నిటికన్నా ఎక్కువగా మొరపెట్టుకునేది దీని గురించే. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. పగలంతా తాగిన వేడిని స్లాబు రాత్రంతా కక్కుతుంది. అద్దెకున్న ఇంట్లోనే ఎండాకాలంలో ఒకసారి చూడండి. రాత్రి పదింటికి స్టూలెక్కి స్లాబు అడుగున అరచేయి ఆనించండి. చేయి కాలుతున్నట్టుంటే ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తోందని అర్థం. పసిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడతారు. ముసలివాళ్లకు తల తిరుగుతుంది, మూత్రం తగ్గుతుంది, మాట తడబడుతుంది. అవి వడదెబ్బ లక్షణాలు. ఎండలోకి అడుగుపెట్టకుండా ఇంట్లో పడుకున్న మనిషికీ వడదెబ్బ తగులుతుంది.

కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత తెచ్చింది. కప్పు గుండా ఇంత వేడికి మించి లోపలికి రాకూడదని అందులో హద్దు పెట్టింది. ఒట్టి కాంక్రీటు స్లాబు ఆ హద్దుకు రెట్టింపుకన్నా ఎక్కువ వేడిని లోపలికి వదులుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి 600 గజాలు, ఆపైన స్థలాల్లోని ఇళ్లకు చల్లని కప్పు తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు మన ఇష్టానికి వదిలింది. ఎండ మాత్రం గజాలు కొలిచి కాయదు. చిన్న ఇంటికే ఇది ఎక్కువ అవసరం.

చేయాల్సింది కష్టమేం కాదు. ముందు స్లాబు మీద నీరు నిలవకుండా వాలు, కారకుండా వాటర్‌ప్రూఫింగ్. దాని మీద వేడిని ఆపే పొర. ఆ పైన తెల్ల టైల్సు ముక్కలు గానీ ఎండను తిప్పికొట్టే తెల్ల పూత గానీ. ఒట్టి తెల్ల పూతతోనే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ బొగ్గు దుమ్ము పడే ఊరు మనది. పూత నల్లబడితే పనిచేయదు. ఎండాకాలానికి ముందు కడగండి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయండి. ఖర్చు తగ్గుతుందని లోపలివైపు థర్మకోల్ సీలింగు బిగించొద్దు. నిప్పంటుకుంటే ప్రాణాలు తీస్తుంది. ఆస్బెస్టాస్ రేకుల జోలికి అసలే పోవద్దు.

గోడల్లో ప్రమాదం పడమటి గోడతోనే. మధ్యాహ్నం మూడు నుంచి పొద్దుగూకే దాకా ఎండ ఆ గోడనే కాలుస్తుంది. పడకగదిని పడమరకు పెట్టకండి. మెట్లు, సామాన్ల గది అటువైపు వేయండి. తప్పకపోతే ఇటుకను నిలబెట్టి మధ్యలో గాలిసందు వదిలి కట్టించండి. కేరళలో లారీ బేకర్ విరివిగా వాడి చూపించిన పద్ధతి అది. వేడి తగ్గుతుంది, ఇటుకలో సుమారు నాలుగోవంతు మిగులుతుంది. ప్రతి కిటికీకీ రెండడుగుల సజ్జ ఉండాలి. మన తాతలు గూనపెంకుటింటికి ముందు వసారా దించి, పడమర వేపచెట్టు పెట్టింది అందం కోసం కాదు. ముగ్గు పోసిన రోజే ఒక వేపమొక్క నాటండి. ఇల్లు పూర్తయి మీరు దిగేసరికి అదీ ఎదుగుతుంటుంది.

గాలి గురించి బాయి కార్మికుడికి వేరే పాఠం అక్కర్లేదు. గనిలో ఇంటేక్ ఒకటి, రిటర్న్ ఒకటి. గాలి వచ్చే దారీ పోయే దారీ రెండూ ఉంటేనే మనిషి బతుకుతాడు. మరి మన గదుల్లో ఒక్క కిటికీయే ఎందుకు పెడుతున్నాం? ప్రతి గదికీ ఎదురెదురుగా రెండు తెరుపులు ఉంచండి. పక్కింటి గోడకు ఆనించి కడితే కనీసం పైన వెంటిలేటర్లు, ఇంటి నడుమ వేడిగాలి పైకి పోయే సందు ఉంచండి. ఎండాకాలం పగలు కిటికీలు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరవండి. దుమ్ము, దోమల భయానికి జాలీ పెట్టించండి గానీ కిటికీ మానేయొద్దు.

నిప్పు విషయం ఇప్పుడే, ఈ చలిలోనే చెప్పాలి. బొగ్గు కుంపటి రాజేసి పడకగదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకునేవారు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గనిలో బొగ్గు తనంతట తాను రాజుకున్నప్పుడు ఏ విషవాయువు పుడుతుందో గని వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లో విన్నాం. దానికి రంగు లేదు, వాసన లేదు. దాన్ని పసిగట్టడానికి ఒకప్పుడు పంజరంలో పిట్టను పట్టుకెళ్లేవారు. అదే కార్బన్ మోనాక్సైడ్ మన కుంపట్లోంచీ వస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, మత్తు దాని గుర్తులు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా అనిపిస్తే ఆలోచించకుండా తలుపులు తెరిచి బయటికి రండి, 108కి ఫోన్ చేయండి. కొత్త ఇళ్లలో గాలి దూరే సందులు తక్కువ. కాబట్టి ముప్పు పాత క్వార్టర్‌కన్నా ఎక్కువ. కొత్త ఇంట్లోకి బొగ్గు పొయ్యిని అసలే రానివ్వకండి. కాయిల్ హీటర్‌కు బదులు ఇండక్షన్ పొయ్యి వాడండి. దానికి వంటగదిలో వేరే లైను, మంచి ఎర్తింగ్, కరెంటు కారితే వెంటనే కట్ చేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. సన్న వైరుకు రెండు వేల వాట్ల పొయ్యి తగిలించి ఇల్లు తగలబెట్టుకోవద్దు.

ఇవన్నీ అయ్యాక కరెంటు దగ్గరికి రండి. ముందు ఖర్చు తగ్గించండి. మామూలు ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లు. ఐదు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగే ఇంట్లో నెలకు వంద యూనిట్లు మిగులుతాయి. అర్హత ఉన్నవారికి 200 యూనిట్లలోపు రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద బిల్లు లేదు. దాటితే మొత్తం కట్టాలి. అంటే ఆ వంద యూనిట్లే చాలా ఇళ్లలో లెక్క తేలుస్తాయి.

తర్వాతే సోలార్. ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లిస్తుంది. మూడు కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. నెలకు 350 యూనిట్ల దాకా వస్తాయి. కప్పు, గోడ సరిగ్గా కట్టిన ఇంటికి ఇది చాలు. కొలిమిలాంటి ఇంటికి ఇందుకు రెట్టింపు పెట్టినా చాలదు. పలకలు దక్షిణానికి, సుమారు 18 డిగ్రీల వాలులో ఉండాలి. స్టాండుకు దిమ్మెలను స్లాబు పోసేటప్పుడే పోయించండి. తర్వాత రంధ్రాలు పెడితే స్లాబు కారుతుంది. వైరు పైపు మిద్దె నుంచి మీటరు దాకా గోడలోనే వదలండి. వేసవిలో వచ్చే గాలిదుమారాలకు రేకులెగిరిన ఊరు ఇది. బరువుకు నిలబడుతుందిలే అని ఉత్త రాళ్లు ఆనించి వెళ్లిపోయేవారిని నమ్మకండి. పిడుగు తీగ, ఎర్తింగ్ లేకుండా పని పూర్తయిందని సంతకం పెట్టకండి. పలకలను వారానికోసారి తెల్లవారుజామున కడగండి. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. పిట్టగోడ లేని అంచుకు వెళ్లకండి. ఇంకొకటి గుర్తుంచుకోండి. బ్యాటరీ లేని సోలార్, బయట కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైన్‌మ్యాన్ ప్రాణం కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది. దాన్ని తప్పించి నడిపిస్తామనే వారిని ఇంట్లోకి రానివ్వకండి.

మోసాల విషయంలోనూ జాగ్రత్త. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం పేరులో ఉచిత విద్యుత్ ఉంది గానీ పలకలు ఉచితం కాదు. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండుకు 60 వేలు, మూడు, ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ. అది నెట్ మీటరు పెట్టాక నేరుగా మీ ఖాతాలో పడుతుంది. సబ్సిడీ ఇప్పిస్తామంటూ ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి. పోర్టల్‌లో నమోదైన విక్రేతనే ఎంచుకోండి, దరఖాస్తు సంగతి మీ ఎన్‌పీడీసీఎల్ కార్యాలయంలో సరిచూసుకోండి.

సుతారి అన్నలకూ, సెంట్రింగ్ మేస్త్రీలకూ ఓ మాట. ఇంటాయనకు తెలియకపోతే మీరు చెప్పండి. మీ మాట ఇంజనీరు మాటకన్నా ఎక్కువ చెల్లుతుంది. కార్మిక సంఘాల పెద్దలకు ఓ మనవి. సొంతింటి కోసం మీరు ఇన్నాళ్లు అడిగారు. ఆ ఇల్లు ఎలా కట్టుకోవాలో కూడా గేట్ మీటింగుల్లో చెప్పండి. నగరపాలక సంస్థ, కంపెనీ సర్వే విభాగం, విద్యుత్ శాఖ కలిసి నెలకోరోజు ఒకేచోట కూర్చుని ఇల్లు కట్టేవారి సందేహాలు తీరిస్తే ఎన్నో కుటుంబాలు కన్నీళ్లు తప్పించుకుంటాయి.

అన్నలారా, అక్కలారా! బాయిలో ముప్ఫై ఏళ్లు పైకప్పును తట్టి చూసి ప్రాణాలతో బయటికొచ్చారు. ఇప్పుడు మీ భార్యాపిల్లల నెత్తిన వేస్తున్న కప్పు ఇది. ముగ్గు పోసే ముందు నేలను అడగండి. స్లాబు పోసే ముందు ఎండను లెక్కవేయండి. ఈ రాత్రే కుంపటిని గదిలోంచి బయట పెట్టండి.